కల్లంలో ఇచ్చిన ఊపిరి

నా గురక గురించి మా ఊళ్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. నా పెళ్లికి ముందు రాత్రి, నేను పడుకున్న గదిలోంచి చుట్టాలంతా చాపలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే వాకిట్లోకి నడిచారట. లారీ తోలే రోజుల్లో కోదాడ దాబాల దగ్గర తోటి డ్రైవర్లు నా బండి ఎక్కడుందో చూసుకుని, దానికి ఆమడ దూరంలో తమ బండ్లు ఆపేవారు. అబ్రహాం అన్న పేరు చర్చిలో మాత్రమే మిగిలింది. బయట నేను గురక అబ్రామునే. మొదట్లో నేనూ అందరితో పాటు నవ్వేవాణ్ణి. వయసు మీద పడ్డాక అర్థమైంది, గురక పెట్టేవాడి బతుకు ఎలాంటిదో. పగలంతా చుట్టూ మనుషులుంటారు. చీకటి పడి దుప్పటి దులిపేసరికి అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోతారు.

లేచిపోనిది ఒక్క ఉప్పలమ్మ, నా భార్య. కాపురం చేసినన్నాళ్లూ నా పక్కనే పడుకుంది. గురక ఆమెనేమీ చేసేది కాదు. గురక ఆగితేనే ఆమెకు మెలకువ వచ్చేది. ఆగిన ఊపిరి మళ్లీ రాకపోతే మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచేది. నేను గుటక మింగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. అది జబ్బని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కిడ్నీలు చెడి ఆమె పోయాక, పొడిచే మోచేయి లేక, నా నిద్ర నిద్ర కాకుండా పోయింది. ఒకరోజు మునగాల దాటాక పట్టపగలు స్టీరింగ్ మీద కునికి లారీని డివైడర్ ఎక్కించాను. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజుతో నా డ్రైవర్ కొలువు ఖతమైంది.

మా అమ్మాయి శ్రీలత హైదరాబాదులో నర్సు. సంగతి వినగానే నన్ను లాక్కెళ్లి పరీక్ష చేయించింది. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోందట, అదీ రాత్రికి లెక్కలేనన్ని సార్లు. ఒక్క రాత్రి కూడా మిషన్ లేకుండా పడుకోవద్దు, పడుకుంటే ఏదో ఒక పొద్దున లేవవు అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. అలా వచ్చింది మా ఇంటికి సీపాప్ మిషన్. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. దాని నుంచి ఒక పొడుగాటి గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ కప్పే మాస్కు. రాత్రంతా మెత్తగా గాలి నెడుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మాస్కు పెట్టుకుని ఒక్కసారి ఊపిరి లాగితే చాలు, ఎవరూ మీట నొక్కకుండానే అది నడవడం మొదలుపెడుతుంది. ఉప్పలమ్మ చేసిన పనే చేస్తుంది. కాకపోతే డొక్కలో పొడవదు. పొడిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

లారీ పోయాక మోతె దగ్గర కొంత పొలం కౌలుకు తీసుకుని వరి వేశాను. యాసంగి పంట బాగా వచ్చింది. వడ్లను కొనుగోలు కేంద్రానికి తోలి రాశి పోశాను. ఇక్కడి రైతులందరికీ తెలిసిన సంగతే. మన వంతు వచ్చి కాంటా అయ్యేదాకా రాశిని వదిలి పోవడానికి లేదు. వాన వస్తే పట్టాలు కప్పాలి, ఎండ కాస్తే నేర్పి ఆరబెట్టాలి, రాత్రి పందులు రాకుండా కాయాలి. అందుకే అందరూ మంచాలు తెచ్చి రాశుల పక్కనే వేసుకుంటారు. అది ఊరి బయట బీడు. స్తంభానికి ఒక లైటు, కేంద్రం గదిలో ఒక ప్లగ్గు తప్ప కరెంటు లేదు. మరి నా మిషన్ సంగతేమిటి?

దానికీ శ్రీలతే దారి చూపింది. చేతిపిడి ఉన్న ఒక డబ్బా తెచ్చిచ్చింది. పగలు చార్జి పెట్టుకుంటే రాత్రంతా మిషన్ నడుస్తుంది, దీన్ని పవర్ స్టేషన్ అంటారు అంది. మా వైపు పవర్ స్టేషన్ అంటే దామరచర్లలో ఆకాశమంత పొగగొట్టాలున్నది. ఇది టిఫిన్ క్యారియర్ అంత ఉంది. నేను నవ్వితే ఆమెకు కోపమొచ్చింది. చార్జి ఎంత మిగిలిందో, మిషన్ ఎంత కరెంటు లాగుతోందో డబ్బా ముందువైపు నీలం వెలుతురులో కనపడతాయి. ఆ రెండో అంకె ఒకచోట నిలవదు. నేను ఊపిరి లాగినప్పుడు మిషన్ ఎక్కువ గాలి నెట్టాలి కాబట్టి అంకె పెరుగుతుంది. వదిలినప్పుడు తగ్గుతుంది. మాస్కు తీసి పక్కన పెడితే గాలంతా బయటికి పోయి, అంకె ఒక్కసారిగా పైకి ఎక్కి అక్కడే కూర్చుంటుంది. మంచంలో పక్కకు తిరిగి ఆ అంకెలు చూస్తూ పడుకోవడం నాకు అలవాటైంది. నా ఊపిరి నాకే కనిపించేది.

కేంద్రంలో నన్ను చూసి పడీపడీ నవ్వారు. ఏనుగు తొండం అన్నారు, అబ్రాము చంద్రుడి మీదికి పోతున్నాడు అన్నారు. మిషన్ ఉంటే గురక రాదని చెప్పినా నమ్మకుండా మంచాలన్నీ కేంద్రం గది వైపు జరుపుకున్నారు. బీడుకు ఈ చివర రెండే మంచాలు మిగిలాయి. ఒకటి నాది. రెండోది మల్సూర్ కాకది.

మల్సూర్ కాక పక్క తండా మనిషి. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు కిష్ట్యా దామరచర్లలో కూలి పని చేస్తూ అక్కడే ఉంటాడు. పాతకాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో వడ్లు కొలవాలంటే మల్సూర్ కాకనే పిలిచేవారు. కుంచం ఆయన చేతిలో ఉంటే రైతుకూ కొనేవాడికీ మధ్య మాట తేడా వచ్చేది కాదు. ఇప్పుడు కాంటాలొచ్చి కుంచం అటకెక్కింది. ఆయన కూడా నాలాగే గురక మనిషి. మొదటి రాత్రి మాస్కు పెట్టుకోబోతూ ఆయన గురక విన్నాను. పెద్దగా లేచి, లేచి, టక్కున ఆగింది. తర్వాత ఏమీ లేదు. కప్పల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను లేచి కూర్చున్నాను. చాలాసేపటికి నీళ్లలోంచి తల బయటపెట్టినవాడిలా ఆయన గాలి మింగాడు. ఉప్పలమ్మ అన్నేళ్లూ రాత్రుళ్లు ఏం విన్నదో నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కో రాశీ లేచిపోతోంది. లేచిన రాశి వెంబడే మంచమూ లేచిపోతోంది. చివరికి మా రెండు రాశులే మిగిలాయి. పొద్దున కాంటా పెడతామని చెప్పి హమాలీలు కూడా ఇళ్లకు పోయారు. ఆ సాయంత్రమే గాలిదుమారం లేచింది. ఇద్దరం ఒకరి పట్టా ఒకరు పట్టుకుని, అంచుల మీద రాళ్లు పెట్టి, తాళ్లు బిగించాం. ఎక్కడో తీగ తెగినట్టుంది, స్తంభం మీది లైటు ఆరిపోయింది. గాలి తగ్గాక సన్నటి వాన మొదలైంది. తడిసిన దుమ్ము వాసన, పట్టా కింద ఉక్కకు మగ్గిన వడ్ల వాసన. ఖమ్మం రోడ్డు మీద దూరంగా ఒక లారీ పోతే దాని వెలుతురు మా మీద నుంచి జరిగి పోయింది. తర్వాత చీకటి.

రెండు రాశుల మధ్య కర్రలకు ఒక పట్టా కట్టి, దాని కిందికి నా మంచం జరుపుకున్నాను. డబ్బాలో చార్జి సగం కంటే కొంచెం ఎక్కువుంది. ఒక మనిషికి ఒక రాత్రికి సరిపోతుంది. కాక తన మంచం కూడా అక్కడికే ఈడ్చుకొచ్చాడు. ఉప్పలమ్మ పోయిన తర్వాత నా పక్కన ఇంకొకరి మంచం పడటం అదే మొదలు. ఆ మాట ఆయనకు చెప్పలేదు గానీ, లోపల నాకు పండగలాగే అనిపించింది.

కాక బీడీ ముట్టించి కుంచాల కాలం కబుర్లు చెప్పాడు. రాశి కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. రాశి ఎవరిదో వాడి నోటితోనే ఆ మాట రావాలి. అప్పుడు గానీ కొలత మొదలవదు. మా ఊళ్ల పద్ధతి ప్రకారం ఆ మొదటి కుంచం రైతుది కాదు. కల్లంలోకి వచ్చి ఎవరు చెయ్యి చాపితే వాళ్లది. కల్లంలో చాపిన చేతికి లేదనే మాట ఉండదు. ఇదంతా నాకు తెలియనిది కాదు. మా నాయన బతికినన్నాళ్లూ ఆ మొదటి కుంచం కోసం పరాయివాళ్ల కల్లాల్లో పంచె కొంగు పట్టి నిలబడ్డవాడే. ఎవరికీ కుంచం పోసినవాడు కాదు. మా ఇంట్లో రాశి పోసుకుని కూర్చున్న మొదటివాణ్ణి నేనే. ఆ గర్వం నాకు ఉన్నదని ఒప్పుకోవాల్సిందే.

బీడీ ఆరిపోయాక కాక దాని ముక్కను వానలోకి విసిరాడు. తర్వాత చీకట్లో చెయ్యి చాపాడు. నీలం వెలుతురులో ఆ అరచెయ్యి నాకు కనిపించింది.

"అబ్రామూ, గా మిషన్ జరసేపు నా మూతికి పెడ్తవా? నిద్ర లేక సచ్చిపోతున్న. కండ్లు మూస్తే సాలు, ఎవలో గొంతు మీద కూసున్నట్టయితది."

డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. చార్జి ఎంతుందో చూశాను. అది ఇద్దరికి రాదు. కానీ రాశి పోసిన చోటు కల్లమే. చాపిన చెయ్యి నా ముందే ఉంది. ఒక్క రాత్రి పడుకోకపోతే నేనేం చస్తానా, వడ్ల మీద ఆనుకుని కూర్చుని జాగారం చేద్దాం, తెల్లారితే కాంటా అయిపోతుంది అనుకున్నాను. ఆ మనిషికి కడుపునిండా ఒక్క నిద్ర దొరుకుతుంది. మాస్కును తడి గుడ్డతో తుడిచి ఆయన మొహానికి పెట్టాను. పట్టీలు తల వెనక్కి లాగి బిగించాను. ఆయన మెడ వేడిగా ఉంది, నాకు బాగా గుర్తు. సరదాకి, మొదటి కుంచం పోస్తున్న ఆసామిలా గొంతు పెద్దది చేసి అన్నాను.

"లాభం."

కాక నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మాస్కు లోపలి నుంచి నన్నే చూశాడు. ఒక్కసారి ఊపిరి లాగాడు. మిషన్ నడవడం మొదలుపెట్టింది.

"ఇచ్చినవ్ కద. ఇగ నీది కాదు" అన్నాడు.

తర్వాత కళ్లు మూసుకున్నాడు.

నేను రాశికి వీపు ఆనించి కూర్చున్నాను. అంకె పెరిగింది, తగ్గింది. పెరిగింది, తగ్గింది. గురక లేదు, ఆగడం లేదు. చంటిపిల్లవాడికి పట్టినట్టు నిద్ర పట్టింది ఆయనకు. మనం ఇచ్చినదాంతో ఒక మనిషి అలా పడుకుంటే చూడటానికి ఎంత బాగుంటుందో నాకు అంతకుముందు తెలియదు. మా నాయన గుర్తొచ్చాడు. కొంగులో వడ్లు పడ్డప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో గుర్తొచ్చింది. పట్టా మీద వాన సన్నగా పడుతోంది. ఎక్కడో కుక్క మొరిగి మానేసింది. కళ్లు మూయకూడదు, మూయకూడదు అనుకుంటూనే నేను కళ్లు మూశాను.

డొక్కలో పోటు పడింది.

గుటక మింగి లేచాను. గొంతు ఎండిపోయింది. గుండె దడదడమంటోంది. ఊపిరి ఆగి ఎంతసేపైందో తెలియదు. ఇంకా మగతలోనే ఉండి, "లేచిన, లేచిన" అన్నాను, ఉప్పలమ్మతో అన్నట్టే, అలవాటుగా. అన్నాక తెలివొచ్చింది. నా పక్కన ఎవరూ లేరు. కాక మంచం అటు పక్కన ఉంది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నేను పడుకోబెట్టినట్టే. చేతులు కూడా కదల్లేదు.

వాన ఆగిపోయింది. కప్పలు కూడా ఆగిపోయాయి. మిషన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

అంకెల వైపు చూశాను. చార్జి సగం నుంచి అడుగుకు దిగిపోయింది. అంత తొందరగా దిగదు. రెండో అంకె పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది. తగ్గుతుందని చూశాను. తగ్గలేదు. పెరుగుతూనే ఉంది... మనిషి రొమ్ములో అంత గాలి పట్టదు. అంతసేపు లాగడం ఎవరి వల్లా కాదు. తర్వాత నింపాదిగా తగ్గడం మొదలైంది. నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

"కాకా..." అన్నాను మెల్లగా.

మంచం వైపు కొంచెం జరిగాను.

"కాకా, ఇగ నాకియ్యరాదే. నాక్కూడ నిద్ర ఆగుతలేదు."

అంకె ఆగింది. పెరగలేదు, తగ్గలేదు. మాస్కు లోపలి నుంచి మాట వచ్చింది. పెదవి దగ్గరి నుంచి కాదు. గొట్టం లోపలి నుంచి, దూరం నుంచి, నిద్ర లేని గొంతుతో...

"కొలత కాలే."

మళ్లీ అంకె పెరగడం మొదలైంది.

ఆయన నిద్రలో కలవరించాడని నాకు నేను చెప్పుకున్నాను. మాస్కు పెట్టుకున్నవాడి గొంతు అలాగే ఉంటుందని చెప్పుకున్నాను. చెయ్యి చాపి ఆయన పాదం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. వాన జల్లు పడి ఉంటుంది అనుకున్నాను. మోకాలు ముట్టుకున్నాను. అక్కడ బట్ట పొడిగా ఉంది. బట్ట కింద కాలు కూడా చల్లగా ఉంది. భుజం పట్టి కదిపాను. కదిలింది భుజం ఒక్కటే కాదు. మనిషి మొత్తం మంచం మీద ఒక్క కట్టెలా కదిలాడు.

ఫోన్ లైటు వేశాను.

కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. వాటిలో తడి లేదు. మాస్కు నిగనిగా మెరుస్తోంది. ఎవరు పెట్టుకున్నా ఆ మాస్కు లోపల ఊపిరి ఆవిరి పడుతుంది. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేవాణ్ణి నేనే, నాకు తెలుసు. ఇప్పుడు లోపల చుక్క లేదు. ముక్కు కదలడం లేదు. రొమ్ము లేవడం లేదు.

అంకె పెరిగింది. తగ్గింది.

నేను ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. పట్టీలు లాగేసి మాస్కు ఊడబెరికాను. గాలి బుస్సుమని రావాలి. అంకె పైకి ఎక్కి అక్కడే కూర్చోవాలి. అలా కాలేదు. మాస్కు నా చేతిలో ఉంది. ఎవరి మొహానికీ లేదు. చీకటి వైపు తెరిచి ఉంది. గాలి వచ్చింది. ఆగింది. అంకె పెరిగింది... తగ్గింది. ఎవరో నా ఎదురుగా నిలబడి, నా చేతిలోని మాస్కుకు మొహం ఆనించి, తీరిగ్గా ఊపిరి తీసుకుంటున్నట్టు.

నా వేళ్ల మీద వెచ్చగా తగిలింది. తడిగా తగిలింది. బీడీ వాసన... దాని కింద ఇంకో వాసన. ఏళ్ల తరబడి తెరవని గాదెలో ఉండే వాసన.

మాస్కు జారవిడిచి, డబ్బాలోంచి వైరు పీకేశాను. అంకె సున్నా అయింది. నీలం వెలుతురు కాసేపు ఉండి ఆరిపోయింది. మిషన్ ఆగిపోయింది. చీకట్లో, నా కాళ్ల దగ్గర, నేల మీద...

లాగుతోంది. వదులుతోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాకా పరుగెత్తాను.

తెల్లవారుజామున పాల బండివాడు నన్ను కల్వర్టు మీద చూసి ఆగాడు. అతనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అంబులెన్సులో వచ్చినతను కాకను చూసి, పోయి చాలాసేపైంది, ఒళ్లు పూర్తిగా కొయ్యబారింది, చీకటి పడ్డ కొద్దిసేపటికే ప్రాణం పోయి ఉంటుంది అన్నాడు. ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాడని నన్ను అడిగాడు. పడుకునే ముందు అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

కిష్ట్యా దామరచర్ల నుంచి బండి మీద వచ్చాడు. తండ్రి చెంపల మీద పట్టీల గుర్తులు చూసి, ఇవేమిటని అడిగాడు. నిద్ర పట్టడం లేదంటే నా మిషన్ పెట్టానని చెప్పాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

"నిద్రల పోయిండు గదా అన్నా. గదొక్కటి సాలు. పుణ్యం కట్టుకున్నవ్."

ఆ చేతులతోనే ఆ రోజు మధ్యాహ్నం నా వడ్లు కాంటా వేయించాను. హమాలీ మొదటి బస్తా ఎత్తి పెట్టి ఒకటి అన్నాడు. నేను ఆ బస్తా మీది నుంచి చూపు తిప్పుకున్నాను.

శ్రీలతకు అసలు సంగతి చెప్పలేదు. శవానికి పెట్టిన మాస్కు అని మాత్రం చెప్పాను. ఆమె కొత్త మాస్కు, కొత్త గొట్టం పంపింది. మిషన్‌నూ డబ్బానూ సూర్యాపేటలో చూపించాను. దేంట్లోనూ లోపం లేదన్నారు. మిషన్ మానేద్దామని ఒక రాత్రి చూశాను. ఊపిరాడక మూడుసార్లు లేచాను, నాలుగోసారి లేస్తానో లేదో అనిపించింది. డొక్కలో పొడిచేవాళ్లు ఎవరూ రాలేదు. కల్లంలో నన్ను ఆ రాత్రి లేపింది ఎవరైనా సరే, ఇంటికి మాత్రం రాలేదు.

అందుకే మళ్లీ మాస్కు పెట్టుకుంటున్నాను. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా డబ్బాకే కలిపి ఉంచుతాను. అప్పటి నుంచి రోజూ ఒకటే వరస. మాస్కును దిండు మీద పెట్టి దుప్పటి సర్దుకుంటూ ఉంటాను. నేను ముట్టుకోకముందే మిషన్ దానంతట అదే మొదలవుతుంది. అంకె ఒక్కసారి పెరుగుతుంది, ఒక్కసారి తగ్గుతుంది, ఆగుతుంది. బీడీ వాసన వచ్చి పోతుంది. ఆ తర్వాత నేను మాస్కు పెట్టుకుంటే తెల్లారేదాకా హాయిగా నిద్ర పడుతుంది. ఏ పీడకలా రాదు.

మొదట్లో వణికిపోయాను. తర్వాత సమాధానపడ్డాను. ఆ మొదటి ఊపిరి నాది కాదు, నేనే నోరారా లాభం అని ఇచ్చాను, ఇచ్చింది ఇచ్చాను. ఒక్కటే కదా, మిగతా రాశంతా నాదే కదా అనుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటాను. దీపం తీసే వేళకు ఎవరో ఒకరు వచ్చి నా పక్కన ఒక్క ఊపిరి తీసుకుని పోతున్నారంటే, భయంతో పాటు కొంచెం ధైర్యంగానే ఉండేది. రోజూ దుప్పటి దులుపుతూ నేనే గొంతు సవరించుకుని లాభం అనేవాణ్ణి.

నిన్న రాత్రి కూడా అన్నాను. మిషన్ మొదలైంది. అంకె పెరిగింది, తగ్గింది, ఆగింది. వాసన వచ్చి పోయింది. నేను మాస్కు అందుకోవడానికి చెయ్యి చాపాను.

నా చెయ్యి ఇంకా మాస్కును ముట్టలేదు. అంకె మళ్లీ పెరగడం మొదలుపెట్టింది.

గొట్టం లోపలి నుంచి, మెల్లగా... "రెండు."